సున్నా వచ్చిన కేంద్రం

జనార్దనయ్యకు రోబో మాటెత్తితే ఒళ్ళు మండుతుంది. నెల్లూరు చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీకి పోయినా గేటు దగ్గర ఒక రోబో నిలబడి వచ్చినవాళ్ళకు దండం పెడుతోంది. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు మీద ఆయన కట్టిన కాలేజీలో మాత్రం దండం పెట్టడానికి ఇంకా మనుషులే ఉన్నారు. అందుకని ఎవరూ పెట్టనిది పెట్టాలని పంతం పట్టి, పాత కుట్టుమిషన్లు మూలపడేసిన గదిని ఖాళీ చేయించి, రంగు కొట్టించి, ‘అణు ఇంజినీరింగ్ పరిశోధనా కేంద్రం’ అని బోర్డు బిగించాడు. గది కంటే బోర్డే వెడల్పుగా ఉంటుంది. ఎదురుగా టీ కొట్టు నడిపే దస్తగిరి ఆ బోర్డు చూసి, అణు కరెంటు ప్లాంటుకు భూములు తీసుకుంటారేమోనని బెదిరిపోయాడు. వాళ్ళ నాయన కాలంలో సోమశిల డ్యామ్ కింద ఊరు పోగొట్టుకుని వచ్చిన కుటుంబం వాళ్ళది. “ఈడనుంచి గూడా లేపేస్తారా మేడం?” అని వారం రోజులు అడిగాడు.

అడిగింది రూబీని. కేంద్రం అంటే ఒక బల్ల, ఒక కంప్యూటరు, రేడియేషన్ కొలిచే ఒక గైగర్ కౌంటరు, వాటన్నిటికీ కలిపి ఒక రూబీ. ఆమె ఆ కాలేజీలో ఫిజిక్స్ మేడం. కాగితాల మీద కేంద్రానికి సమన్వయకర్త. ఉదయగిరిలో బాప్టిస్టు కుటుంబం, వాళ్ళమ్మ బడిపంతులమ్మ. చైర్మన్ జనార్దనయ్యకు ఆ కేంద్రం పేరు కావాలి, రూబీకి ఆ కౌంటరు కావాలి. ఆమె డాక్టరేటు దాని మీదే నిలబడి ఉంది. రాళ్ళలోనూ నేలలోనూ నీళ్ళలోనూ పుట్టుకతోనే కాస్త రేడియేషన్ ఉంటుంది. ఉదయగిరి కొండ నుంచి కొండాపురం దాకా వంద బోర్ల దగ్గర అది ఎంతుందో కొలిచి రాయాలి. వందకు ఒక్కటి తగ్గినా థీసిస్ తీసుకోనని గైడు తెగేసి చెప్పాడు. మూడేళ్ళు ఆదివారం చర్చి అయిన వెంటనే స్కూటీ మీద తిరిగి ఎనభై ఒక్క బోర్లు పూర్తి చేసింది. పంతొమ్మిది మిగిలాయి. ఏప్రిల్ లోపల అవి అయిపోతే ఆమె డాక్టర్ రూబీ. అవకపోతే రిజిస్ట్రేషను గడువు దాటిపోతుంది, మూడేళ్ళ ఎండా గంగపాలు.

కౌంటరుకు చేతి టార్చి లాంటి గొట్టం ఉంటుంది. దాని మొహాన ఉల్లిపొర కంటే పలచని రేకు. ఆ రేకులోంచే రేడియేషన్ లోపలికి పోయి టిక్కు టిక్కుమంటుంది. కాలేజీ ఆవరణలో నిమిషానికి ముప్పై రెండో ముప్పై మూడో టిక్కులు. భయపడాల్సిందేమీ లేదు, భూమ్మీద ఎక్కడైనా అంతో ఇంతో వస్తుంది. ఆ రేకుకు వేలు తగలకుండా పైన ప్లాస్టిక్ మూత పెట్టి, దసరా సెలవులకు ఇంటికి పోయేటప్పుడు రూబీ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

బీరువా తాళాల గుత్తి అటెండరు మాల్యాద్రి దగ్గర ఉంటుంది. ఆయుధపూజ రోజు కాలేజీలో బొట్టు పడని యంత్రం ఉండకూడదని ఆయన పట్టుదల. బస్సులకు, జనరేటరుకు, జిరాక్సు మిషనుకు, ప్రిన్సిపాల్ గది ఏసీకి కూడా పసుపు కుంకుమ అయ్యాక, రూబీ మేడం మిషను ఒక్కటే దిక్కులేనిదానిలా బీరువాలో ఉందని ఆయన మనసు ఊరుకోలేదు. తెచ్చి పూలచెండు వేశాడు. గొట్టానికి మూత ఉండటం చూసి, మొహం కప్పుకుని ఉంటే బొట్టు ఎక్కడ పెడతారు అని దాన్ని తీసి, గంధం అద్దిన బొటనవేలితో ఆ రేకు నడిమధ్య గట్టిగా, ప్రేమగా ఒత్తి, మళ్ళీ మూత పెట్టి బీరువాలో సర్దాడు.

సెలవులు అయిపోయాక రూబీ వచ్చి స్విచ్చి వేసింది. సున్నా. బ్యాటరీ మార్చింది. సున్నా. బల్ల మీద ఉన్న ఉదయగిరి కొండరాయి దగ్గర పెట్టినా సున్నాయే. మూత తీసి చూస్తే చినిగిన రేకు అంచున ఎండిన గంధం. లోపలి గ్యాసు పోయింది, ఇక ఆ గొట్టం చచ్చినట్టే. ఆమె అక్కడే కుర్చీలో కూలబడింది.

“మీ మిషన్‌కు గూడా చేసినాను మేడం, మీరు లేకపోయినా,” అన్నాడు మాల్యాద్రి గుమ్మంలోంచి నవ్వుతూ.

రూబీ నోటిదాకా వచ్చిన మాట వెనక్కి మింగింది. ఆ మనిషి మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు, అది ఒక కారణం. రెండోది, పూజ చేస్తే మిషను చెడిందని ఒక బాప్టిస్టు మేడం అంటే, ఆ మాట సాయంత్రానికి ఆత్మకూరు బస్టాండులో ఏ వేషం కడుతుందో ఆమెకు తెలుసు. ప్రిన్సిపాల్ దగ్గరకు పోయి గొట్టం పగిలిందని మాత్రం చెప్పింది. “తనిఖీ అయిపోనీమ్మా, చూస్తాం,” అన్నాడాయన కళ్ళు పైకెత్తకుండా.

తనిఖీ ఆ వారంలోనే. కేంద్రానికి గుర్తింపు ఇవ్వాలా వద్దా తేల్చడానికి యూనివర్సిటీ నుంచి ఇద్దరు ప్రొఫెసర్లు వచ్చారు. ఒకాయనది కాంక్రీటు, రెండో ఆయనది మేనేజిమెంటు. అణువు సంగతి ఇద్దరికీ సమానంగా తెలియదు కాబట్టి ఇద్దరూ గంభీరంగా తలలూపారు. సంగం నుంచి తెప్పించిన చేపల పులుసుతో భోజనం అయ్యాక కాంక్రీటు ఆయన కౌంటరు వైపు వేలు చూపించి, “ఎంత వస్తోంది?” అన్నాడు.

“సున్నా సార్!” అన్నాడు జనార్దనయ్య ఛాతీ విరుచుకుని. “మా క్యాంపస్‌లో రేడియేషన్ అనేదే లేదు. పెన్న నీళ్ళు తాగిన నేల సార్ ఇది.”

“సార్, సున్నా అనేది ఎక్కడా రాదు...” అని రూబీ మొదలుపెట్టింది.

“విన్నారు గదా సార్! ఎక్కడా రాదంట. మా దగ్గరే వచ్చింది!”

ప్రొఫెసర్లు చప్పట్లు కొట్టారు. వెనకనుంచి ప్రిన్సిపాల్ ఇంకా గట్టిగా కొట్టాడు. తనిఖీ రిపోర్టు సంతకాలకు తిరిగింది. అందులో రీడింగు సున్నా అని టైపు చేసి ఉంది, కింద సమన్వయకర్త పేరు. సంతకం పెడితే ఎనభై ఒక్క బోర్ల దగ్గర తాను రాసిన అంకెలన్నీ అబద్ధం అవుతాయి. పెట్టకపోతే ఉద్యోగం ఇవాళ్టితో సరి. ఆమె పెన్ను తీసి, ‘కొలిచే గొట్టం పగిలిపోయింది. అందువల్లే సున్నా. ఇది రీడింగు కాదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, దాని కింద సంతకం చేసింది. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుని కాగితం పక్కకు జరిపింది. ఆమె తర్వాత అయిదుగురు సంతకాలు చేశారు. ఒక్కరూ చదవలేదు.

గుర్తింపు వచ్చింది. ‘దేశంలో తొలి సున్నా రేడియేషన్ క్యాంపస్’ అని ఫ్లెక్సీలు లేచాయి. రిపోర్టు పేజీని రూబీ చేతిరాతతో సహా ఫొటో తీసి రంగుల బ్రోచరులో అచ్చేశారు. మూడు వేల బ్రోచర్లు ఉదయగిరి నుంచి సంగం దాకా బస్టాండుల్లో పంచారు. వచ్చే ఏడాది సీట్లన్నిటికీ అప్పుడే అడ్వాన్సులు పడ్డాయి. చదువుల కోసమే వచ్చిన అంతమందిలో ఆ మూడు వాక్యాలు చదివినవాడు లేడంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు రూబీకి.

చదివింది మాల్యాద్రి. మిగిలిన కట్టలు గదిలో సర్దుతూ, అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు. బ్రోచరు పట్టుకుని రూబీ బల్ల దగ్గరకు వచ్చాడు.

“గొట్టం పగిలిందంటే... ఆ పొద్దు నేను బొట్టు పెట్టినానే, దానివల్లేనా మేడం?”

కాదు అందామనుకుంది. అబద్ధాల్లో మునిగిన ఆ గదిలో ఇంకొకటి ఆడటానికి మనసొప్పలేదు. “అవునన్నా,” అంది.

“మీ బోర్లు?”

“పంతొమ్మిది ఉండాయి. అట్లే ఆగిపోయినాయి.”

ఆయన బ్రోచరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిన్నగా చైర్మన్ గదికి పోయాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“చెప్పినాను మేడం. నా బొటనవేలే సార్, నా జీతంలో పట్టుకోండి, కొత్తది తెప్పించండి అన్నాను. కొత్తది తెస్తే ఎంత వస్తాది అన్నాడు. ముప్పై రెండు వస్తాది సార్ అన్నాను.” మాల్యాద్రి చైర్మన్ గొంతు తెచ్చుకున్నాడు. “ఊరంతా సున్నా అని పోస్టర్లేసుకుని ముప్పై రెండు తెచ్చుకుంటామారా, పోయి దాన్ని జాగర్తగా చూసుకో, మళ్ళా బతికిందంటే నీదే పూచీ అన్నాడు.”

రూబీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే ఏడుపు ముంచుకొచ్చింది. మాల్యాద్రి ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

కళ్ళు తుడుచుకుని ఆమె కాగితం తీసి, మిగిలిన బోర్లు కొలవలేకపోతున్నానని, గడువు పెంచమని, ఒక కౌంటరు ఎక్కడైనా ఇప్పించమని గైడుకు ఉత్తరం మొదలుపెట్టింది. ‘కారణం’ అన్న చోట పెన్ను ఆగింది.

“నా పేరు రాయండి మేడం. మాల్యాద్రి బొటనవేలని రాయండి. నేనేం అనుకోను,” అన్నాడాయన.

రూబీ తల అడ్డంగా ఊపి, ‘కొలవడం మా కేంద్రానికి ఇష్టం లేదు’ అని రాసింది. కింద సంతకం చేసి, సమన్వయకర్త, అణు ఇంజినీరింగ్ పరిశోధనా కేంద్రం అని ముద్ర వేసింది.