ఎడమ పాదం

ఎడమ పాదం నొక్కినప్పుడల్లా డ్రమ్స్ పక్కనున్న ఇత్తడి తాళాల జంట చిక్‌మని మూసుకుంటోంది. క్లోవిస్ చూపు మాత్రం కిటికీ అవతల, చర్చి నుంచి ఇళ్ళకు వెళ్తున్న జనం మీద ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో, ట్రెమే పేటలోని ఆ భోజనశాలలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాయించేది ముగ్గురు. డెల్ఫీన్ ట్రంపెట్, ఓగుస్త్ నిలువెత్తు తీగల బేస్, క్లోవిస్ డ్రమ్స్. మిగతా వారమంతా క్లోవిస్ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాడు. ఏళ్ళ తరబడి ఆవిరి తగిలి ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి.

వచ్చినవాళ్ళెవరూ అతని పేరు అడగరు. అతనికి అదే హాయి. ఒంటరిగా వాయించమంటేనే గుండె జారిపోతుంది. చేతులు తోచినట్టు తిరగాలి, మనసులో పాట నడవాలి, పాదం మాత్రం తడబడకూడదు. ఈమధ్య పాట నడుమ తానెక్కడున్నాడో తెలియడం లేదు. వంటగదిలోకి వచ్చి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయినట్టు.

"బాబాయ్, ఈ పాటలో మొదటి నుంచి చివరిదాకా ఒక చుట్టు నీ ఒక్కడిది," అంది డెల్ఫీన్.

"నన్నొదిలెయ్యి తల్లీ."

"వాయించరా పిరికి వెధవా," ఎత్తుపీట మీంచి ఓగుస్త్ నవ్వాడు. "చుట్టు అయ్యేసరికి నేనందుకుంటాగా. కుర్రతనం నుంచీ అందుకోవట్లా?"

క్లోవిస్ మొదలుపెట్టాడు. కర్రలు అంచుల మీద గీరాయి, పెద్ద డ్రమ్ము మీదికి దొర్లాయి. లోపల పాటను గట్టిగా పట్టుకుని చుట్టు ముగించాడు. బేస్ పలకలేదు.

తప్పాననుకున్నాడు. సిగ్గుతో తలెత్తకుండా మరో చుట్టు ఎత్తుకున్నాడు. ఎక్కడ జారింది? మొదట్లోనా, మలుపులోనా? పాదం నడుస్తూనే ఉంది. చుట్టు ముగిసింది. ఈసారీ నిశ్శబ్దమే. వంటమనిషి తలుపు దగ్గర నిలబడి, "అదీ! కానీ, కానీ!" అని అరిచింది. బల్లల దగ్గర చప్పట్లు. మూడో చుట్టులో క్లోవిస్ తల ఎత్తాడు.

ఓగుస్త్ బేస్ మెడకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇష్టమైనది వింటే ఎప్పుడూ అలాగే ఉంటాడు. డెల్ఫీన్ అతని భుజం పట్టుకుని కుదుపుతోంది. క్లోవిస్ చేతులు ఆగిపోయాయి. పాదం ఆగలేదు.

"ఆపు బాబాయ్," అంది ఆమె ఏడుస్తూ.

ఊపిరి లేని ఓగుస్త్‌ను మోసుకెళ్ళాక క్లోవిస్ అడిగాడు, "నేనెక్కడ తప్పానమ్మా?"

"ఎక్కడా తప్పలేదు. మొదటి చుట్టు సరిగ్గా ముగించావు. నేను ఆయన కోసం ఆగాను. నువ్వు మళ్ళీ ఎత్తుకుంటే, సరదాపడి వాయిస్తున్నావనుకున్నాను."

క్లోవిస్ తల ఊపాడు, అర్థమైనవాడిలా. ఏమీ అర్థం కాలేదు. సరిగ్గా వచ్చినందుకు సంతోషించాలా? వాడు ఎంతవరకు విన్నాడు? మొదటి చుట్టయినా విన్నాడా? కర్రలు చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. డ్రమ్స్ సర్దడం మరిచిపోయాడు.

ఎత్తుపీట పక్కన కిటికీ గట్టు మీద సగం వలిచిన కమలాపండు ఉంది. తొనల మీద పడిన ఎండ మెల్లగా జరుగుతోంది.