కార్డు పారేసుకునే పిల్ల

“ఇలాంటివి ఆడవాళ్ళకైతే బాగా తెలుస్తాయి మేడమ్, మీరే చూడండి” అన్నాడు కరస్పాండెంట్ కుటుంబరావు. ఆ ఒక్క మాటతో వైదేహి నెత్తిన ఇంకో పని పడింది. నందిగామలోని ఆ స్కూల్లో ఆడవాళ్ళకి బాగా తెలిసే పనులు అప్పటికే చాలా ఉన్నాయి. వార్షికోత్సవానికి ముగ్గులెయ్యడం, ముఖ్య అతిథికి బొట్టు పెట్టి హారతివ్వడం, చిన్న క్లాసుల్లో ఎవరైనా వాంతి చేసుకుంటే దగ్గరుండి కడిగించడం, పెద్ద క్లాసు ఆడపిల్లల కడుపునొప్పులు కనిపెట్టడం. ఇప్పుడు పిల్లల రక్షణకి నియమాలు రాయడం కూడా ఆ జాబితాలో చేరింది. ఎక్కడో ఏదో బడిలో ఏదో జరిగి పేపర్లో పడింది. తనిఖీకి వచ్చేవాళ్ళు అడుగుతున్నారు, ప్రతి స్కూల్లోనూ గోడ మీద ఉండాలట. లాంగ్ బెల్ కొట్టగానే మగ మాస్టర్లు బళ్ళు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. వైదేహి జగ్గయ్యపేటలో తన వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని, పప్పు పొయ్యి మీదికెక్కించాక ఒక పేరా, తాలింపు వేశాక ఒక పేరా రాసింది.

విసుగ్గా మొదలుపెట్టినా శ్రద్ధగానే రాసింది. అమ్మానాన్నలకి అర్థమయ్యే తెలుగులో రాసింది. పిల్లల్ని ఎవరూ కొట్టకూడదు. ఏ పిల్లనీ ఎవరూ గదిలోకి ఒంటరిగా పిలవకూడదు. గలగలా తిరిగే పిల్ల ఉన్నట్టుండి ముడుచుకుపోయినా, ఇంటికెళ్ళే వేళకి రోజూ కడుపునొప్పి అన్నా, దొంగవేషాలని కసరకుండా కాసేపు పక్కన కూర్చోవాలి. ఏదన్నా చెబితే నమ్మాలి. గుచ్చి గుచ్చి అడగకూడదు, నలుగురిలో అసలే అడగకూడదు. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకి గానీ చెప్పాలి, చట్టం చెప్పేదీ అదే. కుటుంబరావు అంతా చదివి చాలా బాగా రాశారని మెచ్చుకుని, ఆ చివరి వాక్యాన్ని మాత్రం కొట్టేశాడు. దాని బదులు ‘ముందుగా యాజమాన్యానికి తెలియజేయాలి’ అని పెట్టాడు. స్కూలు పేరు కూడా చూసుకోవాలి కదా అన్నాడు. అంతటినీ ఎవరి చేతో ఇంగ్లీషులోకి మార్పించి, రంగురంగుల ఫ్లెక్సీ వేయించి, తన కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నాడు. కింద వైదేహి ఫొటో, చైల్డ్ ప్రొటెక్షన్ ఆఫీసర్ అని.

ఆఫీసరంటే పెద్దగా ఏం లేదు. సాయంత్రం ఆఖరి పిల్ల ఇంటికి వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడాలి. పిల్ల మెడలో కార్డు, కార్డు వెనక ఆ పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళ ఫొటోలు ఉంటాయి. ఫొటోలో మొహమూ ఎదురుగా ఉన్న మొహమూ ఒకటైతేనే పంపాలి. కార్డు లేకపోతే అమ్మకో నాన్నకో ఫోన్ చేయాలి. ఇంత చిన్న నియమం నందిగామలో నడిపించడానికి వైదేహికి తలప్రాణం తోకకొచ్చేది. ఎవర్ని కార్డడిగినా కొట్టినంత పని చేసేవాళ్ళు. నన్నే అడుగుతారా మేడమ్, మీ ఆయనకి నేను బాగా తెలుసు అని ఒకళ్ళు. మనవాళ్ళే మేడమ్, పంపించండి అని ఇంకొకళ్ళు. ఈ మనవాళ్ళందరికీ జవాబు చెప్పుకుని బయటపడేసరికి బస్సు వెళ్ళిపోయేది. ఊళ్ళోకి రాని తరవాతి బస్సెక్కి, హైవే మీద చిల్లకల్లులో దిగి, ఆటో పట్టుకుని ఇల్లు చేరితే అత్తగారు శ్యామలాదేవి గుమ్మంలోనే అందుకునేది. ఊళ్ళో వాళ్ళ పిల్లలకి కాపలా బాగానే ఉంది, మన ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు అనేది. లైటు స్విచ్ ఆవిడ కుర్చీలోంచి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంటుంది.

ఇంతకీ ఆ స్కూలు మొత్తం మీద ఆ నియమాన్ని మనసారా నమ్మింది ఒక్కతే, రెండో తరగతి చదివే మనోజ్ఞ.

మనోజ్ఞ వాళ్ళది పురుగుమందుల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల పత్తికీ మిర్చికీ కొట్టే మందు చాలావరకు వాళ్ళ గోడౌన్ నుంచే వెళ్తుంది. జగ్గయ్యపేటలో వైదేహి భర్త ఉదయభాస్కర్ షాపుకి సరుకొచ్చేదీ అక్కడినుంచే. తండ్రి కౌంటర్ వదిలి రాలేడు. తల్లి నీరజకి సచివాలయంలో ఉద్యోగం, పొద్దుగూకితే గానీ ఇల్లు చేరదు. అందుకని పిల్లని తీసుకెళ్ళడానికి నాయనమ్మ వస్తుంది. ఆవిడకి మోకాళ్ళు సహకరించని రోజున బాబాయి గిరీష్ బుల్లెట్ వేసుకుని వస్తాడు. ఆ పిల్ల అస్తమానూ కార్డు పారేసుకునేది. ఎన్నిసార్లు కొత్తది చేయించినా అంతే. క్లాసు టీచరు తిట్టింది, ఇంట్లో తిట్టారు, ఒంటి మీద ధ్యాస లేని పిల్లని పేరు కూడా పెట్టారు. కార్డు లేదని వైదేహి ఫోన్ చేస్తే తండ్రి, మా తమ్ముడే కదా మేడమ్, పంపించెయ్యండి అనేవాడు. నాయనమ్మ వచ్చిన రోజున మాత్రం కార్డు మెడలోనే ఉండేది. ఈ సంగతి వైదేహి బుర్రలో కొన్నాళ్ళుగా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ బుధవారం గేటు బయట బుల్లెట్ ఆగిన చప్పుడు వినబడగానే మనోజ్ఞ లైన్లోంచి మెల్లగా పక్కకి జరిగింది. మెడలోంచి కార్డు తీసి, మెట్ల పక్కనున్న చెత్తబుట్టలో వేసి, పైన ఒక కాగితం కప్పి, ఏమీ ఎరగనట్టు వచ్చి నిలబడింది. వైదేహి మిగతా పిల్లల్ని ఇంకో టీచరుకి అప్పజెప్పి, మనోజ్ఞని తీసుకెళ్ళి మెట్ల మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది.

“కార్డెందుకు పారేశావమ్మా?”

“కార్డు లేకపోతే ఎవ్వరితోనూ పంపనని మీరే చెప్పారుగా మిస్. ప్రేయర్లో.”

ఆ పిల్లే బూటు లేసుతో ఆడుకుంటూ చెప్పింది. “నాయనమ్మైతే ఇంటికి తీసుకెళ్తది. బాబాయైతే ముందు గోడౌన్‌కి తీసుకెళ్తాడు. షట్టర్ వేసేస్తాడు మిస్. నాకిష్టం లేదు. అమ్మకి చెప్తే అమ్మని ఇంట్లోంచి పంపించేస్తాడంట.”

వైదేహి ఇంకేమీ అడగలేదు. అడగకూడదని రాసింది తనే. నిన్ను ఇవాళ బాబాయితో పంపను, అమ్మ వచ్చేదాకా నా దగ్గరే ఉంటావు అని మాత్రం చెప్పి, నీరజకి ఫోన్ చేసింది. తరవాత గోడ మీది నియమం ప్రకారం వెళ్ళి యాజమాన్యానికి తెలియజేసింది.

యాజమాన్యం ఏం చేసిందయ్యా అంటే, బుల్లెట్ మీద కూర్చున్న గిరీష్‌ని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ తెప్పించింది. మేడమ్ ఏదో కంగారుపడ్డారు, ఏమనుకోకు అని సర్దిచెప్పింది. ఆ తరవాత మనోజ్ఞని పిలిపించి, ఆ బాబాయి కుర్చీ పక్కనే నిలబెట్టింది.

“చెప్పమ్మా, భయపడకు. బాబాయి నిన్నేమన్నా చేస్తాడా?” అన్నాడు కుటుంబరావు.

మనోజ్ఞ బాబాయి చేతిలోని కాఫీ కప్పు వంక చూసింది. “లేదు సార్.”

“మరి గోడౌన్‌కి ఎందుకు తీసుకెళ్తాడు?”

“చాక్లెట్‌కి సార్.”

“చూశారా మేడమ్” అన్నాడు కుటుంబరావు, పెద్ద చిక్కుముడి విప్పినవాడిలాగా.

వైదేహికి అరికాలి మంట నెత్తికెక్కింది. నలుగురిలో అడగకూడదన్న వాక్యం సరిగ్గా అతని తల మీదే ఉంది, ఎర్రక్షరాల్లో, మంచి ఇంగ్లీషులో. ఇలా అడగకూడదని మీ వెనకే రాసుంది సార్ అని చెప్పింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. గిరీష్ నవ్వాడు. మేడమ్ గారు మావాళ్ళే సార్, భాస్కరన్నతో నేను మాట్లాడతాలే అంటూ ఫోన్ తీశాడు. వైదేహి మనోజ్ఞ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది. మెట్లు దిగేలోపే ఫోన్ మోగింది. నువ్వు బడికెళ్తోంది పాఠాలు చెప్పడానికా, పోలీసు పని చెయ్యడానికా అని ఉదయభాస్కర్ అరుస్తుంటే పిల్లకి వినబడకుండా ఫోన్ చెవికి గట్టిగా అదిమిపెట్టుకుంది. నీరజ వచ్చేదాకా ఇద్దరూ ఖాళీ క్లాసులో కూర్చుని బొమ్మలేసుకున్నారు.

నీరజ ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. కుటుంబరావు గదిలో, మరిది ఎదురుగా, మా ఇంట్లో అలాంటివి ఉండవండి అని నేల వంక చూస్తూ చెప్పింది. గిరీష్ బండి వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక, గేటు దగ్గర వైదేహి చెయ్యి పట్టుకుంది.

“కార్డు మీద అతని ఫొటో తీసేయండి మేడమ్. ఎలాగో పర్మిషన్ పెట్టుకుని రోజూ నేనే వస్తా. మీరింకేం చెయ్యొద్దు, మీకు దణ్ణం పెడతా.”

“సరే, ఇక్కడ ఫొటో తీసేస్తా. ఇంట్లో ఉంటాడు కదమ్మా?”

“దాన్ని నా పక్కలోనే పడుకోబెట్టుకుంటున్నానండి. తలుపు గడియ వేసుకుంటున్నా” అంది నీరజ. వైదేహి చెయ్యి వదిలేసి, “చాలా రోజుల్నుంచి” అంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా వైదేహి బయటికి చూడలేదు. లెక్కేసుకుంటూ కూర్చుంది. ఏడేళ్ళ పిల్ల కార్డులు పారేస్తోంది, పారేసినందుకు తిట్లు తింటోంది. తల్లి రాత్రిళ్ళు గడియ వేసుకుని పడుకుంటోంది, రేపట్నుంచి ఆఫీసులో పర్మిషన్ల కోసం ఎవడి ముందో నిలబడబోతోంది. ముసలావిడ నొప్పి మోకాళ్ళతో ఇన్నాళ్ళూ బడి దాకా నడిచింది. తను గేటు దగ్గర నిలబడి బస్సులు పోగొట్టుకోవాలి. ఇంతమంది ఆడవాళ్ళు ఇన్ని రకాలుగా కాపలా కాస్తున్నారు, మరి ఆ గిరీష్ ఏం మానుకున్నాడు? కాఫీ కూడా మానుకోలేదు. ఇల్లు వాడిది, గోడౌన్ వాడిది, బుల్లెట్ వాడిది, భయం మాత్రం వీళ్ళందరిదీ. ఎవరి పేరూ చెడకూడదు, ఎవరి వ్యాపారం ఆగకూడదు. ఆగాల్సిందల్లా ఈ పిల్ల నోరు ఒక్కటే. పెద్దవాళ్ళని నమ్మి ఒక్కసారి నోరు తెరిస్తే, అరగంటలో ఆ నోటితోనే అబద్ధం చెప్పించారు. ఇంకోసారి ఎవరికి చెబుతుంది? తలుచుకున్నకొద్దీ ఏడుపూ కోపమూ కలిసి వస్తుంటే వైదేహి కొంగుతో మొహం తుడుచుకుంది. పక్క సీటావిడ మంచినీళ్ళ సీసా అందించింది.

ఇంటికి చేరేసరికి శ్యామలాదేవి ఫోన్ల మీద ఫోన్లు చేసి వరసలు కలిపేసింది. ఆవిడకి అదో విద్య. గోత్రం ఒకటి చేతికందితే చాలు, ఎక్కడివాళ్ళనైనా చుట్టాల్ని చేసేస్తుంది. “మా పిన్ని కోడలూ, ఆ పిల్ల నాయనమ్మా సొంత అక్కచెల్లెళ్ళు. వరసకి ఆ పిల్ల నీకు మేనకోడలవుద్ది, నువ్వు దానికి అత్తవి. మన ఇంటి పిల్లని మనమే రోడ్డున పడేసుకుంటామా?” అంది. పైగా గిరీష్‌కి సంబంధం కుదిరింది, ముహూర్తాలు చూస్తున్నారు, పెళ్ళైతే అన్నీ సర్దుకుంటాయి అని కూడా అంది. ఆ సర్దుకోవడానికి ఇంకెవరింటి పిల్లో రాబోతోందన్నమాట అనుకుంది వైదేహి. మనకి ఆడపిల్ల లేకపోవడం మంచిదైంది, ఈ తలనొప్పులు లేవు అని ముక్తాయించింది అత్తగారు.

ఉదయభాస్కర్ అరవలేదు. అరుపులు ఫోన్లోనే అయిపోయాయి. కంచం ముందు కూర్చుని, చపాతీ తుంచుకుంటూ, అంతా తేల్చేసినట్టు మెల్లగా చెప్పాడు. రేపు స్కూలుకి సెలవు పెట్టు, పొద్దున్నే నందిగామ వెళ్దాం, వాళ్ళింట్లో నువ్వేం ఎక్కువ మాట్లాడక్కర్లేదు, పొరబాటు పడ్డానని ఒక్క ముక్క చెబితే చాలు. కుటుంబరావు గారు కూడా అదే అన్నారు, ఉద్యోగానికేం ఢోకా లేదన్నారు. నిజమే అయితే వాళ్ళే చూసుకుంటారు, అయినా బయటివాళ్ళం మనకెందుకు అన్నాడు. చుట్టాలమో బయటివాళ్ళమో తల్లీకొడుకులిద్దరూ ముందు ఒక మాట మీదికి రండి అనబోయి, చపాతీ మాడుతుంటే వైదేహి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని హాల్లోకొచ్చింది. ఉదయభాస్కర్ బయట కారు తుడుస్తున్నాడు. శ్యామలాదేవి బల్ల మీద బత్తాయిలూ రవికె గుడ్డా సంచిలో సర్దుతూ, నవ్వుమొహం పెట్టుకుని మాట్లాడమని బుద్ధులు చెబుతోంది. వైదేహి కుర్చీలో కూర్చుని ఫోన్ తీసింది. నీరజ పెట్టిన దణ్ణం గుర్తొచ్చి వేలు ఒక్క క్షణం ఆగింది. నీరజ జన్మలో తన మొహం చూడకపోవచ్చు. వచ్చే వారానికి ఆ ఫ్లెక్సీ మీద ఇంకో మేడమ్ ఫొటో ఉంటుంది. ఈ ఇంట్లో ఎన్నాళ్ళు ఎవరు మాట్లాడతారో, ఎవరు మాట్లాడరో తెలీదు. ఇవన్నీ అనుకుంది గానీ, ఆ పిల్లని ఇవాళ సాయంత్రం కూడా ఆ ఇంటికే పంపాలన్న ఆలోచన ముందు ఏదీ నిలబడలేదు. 1098 నొక్కింది.

అవతల ఒక అమ్మాయి ఎత్తింది. వైదేహి తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది, స్కూలు పేరు చెప్పింది. మనోజ్ఞ పేరు, తరగతి, ఇల్లు, గోడౌన్, షట్టర్, బాబాయి పేరు అన్నీ పిల్ల చెప్పింది చెప్పినట్టు చెప్పింది. శ్యామలాదేవి చేతిలోని బత్తాయి చేతిలోనే ఉండిపోయింది. లోపలి మాటలు విని ఉదయభాస్కర్ తడిగుడ్డతోనే గుమ్మంలోకి వచ్చాడు, ఫోన్ పెట్టెయ్యమని చేత్తో సైగ చేశాడు. వైదేహి అతని వంక చూస్తూనే మాట్లాడింది.

“సరేనండి, మా వాళ్ళు ఇవాళే వస్తారు” అంది ఆ అమ్మాయి. “పాపకి మీరేమవుతారండి?”

“ఏమీ కానండి” అంది వైదేహి. “అందుకే చేస్తున్నా.”