దిష్టి తగలకుండా చెప్పిన కాలేజీ

ప్రజ్ఞ ఏ కాలేజీకి దరఖాస్తు పెడుతోందో అరబ్బు దేశపు ఊరు ఫహాహీల్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు. వాళ్ళకు తెలిసింది అబద్ధమని మాత్రం ముగ్గురికే తెలుసు. ఒకరు ప్రజ్ఞ, ఇంకొకరు వాళ్ళమ్మ సీతాలక్ష్మి, మూడోవాడు ఆ అబద్ధాన్ని పుట్టించి పాలు పోసి పెంచిన తండ్రి వరప్రసాద్.

అలాగని అతన్ని అబద్ధాలకోరు అనుకోకండి. పదహారేళ్ళుగా ఒక కాంట్రాక్టు కంపెనీలో టెండర్లు తయారుచేసే ఇంజనీరు. ఆ పనిలో మొదటి పాఠమే అది. ఏ పనికి కోట్ వేస్తున్నామో కవరు పెట్టెలో పడేదాకా కన్నతల్లికి కూడా చెప్పకూడదు. టీ దగ్గర ఎవరైనా కదిపితే ఇంకో పని పేరు చెప్పి సాగనంపాలి. దానికి తోడు అమలాపురంలో అతన్ని పెంచిన మేనత్త, నరుడి దృష్టికి నల్లరాయైనా పగులుతుందని రోజుకోసారి చెప్పి మరీ పెంచింది. ఆఫీసూ మేనత్తా కలిసి తయారుచేసిన మనిషి ఇంకెలా ఉంటాడు చెప్పండి.

పైగా ఇది మామూలు దరఖాస్తు కాదు. అమెరికా కాలేజీల్లో ముందస్తు దరఖాస్తు అని ఒకటుంది. నవంబరు ఒకటో తారీఖులోగా ఒక్క కాలేజీకే పెట్టాలి. సీటిస్తే చచ్చినట్టు అక్కడికే వస్తామని పిల్లా, ఇంటి పెద్దా, స్కూల్లో కౌన్సిలరూ ముగ్గురూ సంతకాలు చేయాలి. జనవరి దాకా ఆగి పదిచోట్ల పెట్టుకునేవాళ్ళకంటే ఇలా మాటిచ్చినవాళ్ళకి సీటొచ్చే అవకాశం ఎక్కువట. ఉన్నది ఒక్కటే బాణం కాబట్టి ఎక్కడికి వేయాలన్నదే ఆ ఇంట్లో ఆరు నెలలుగా నలుగుతున్న సంగతి.

వరప్రసాద్ టెండరు పద్ధతిలో ఒక పట్టిక వేశాడు. ర్యాంకుకు నలభై మార్కులు, చదువయ్యాక దొరికే ఉద్యోగాలకు ముప్ఫై, చుట్టాలకు పేరు తెలిసి ఉండటానికి ఇరవై. మిగిలిన పదిలోనే వాతావరణం, భోజనం, అమ్మాయి ఇష్టం సర్దుకోవాలి. లెక్క తేల్చేసరికి ఒక పేరుమోసిన యూనివర్సిటీ గెలిచింది. దాని పేరు ఇంట్లో కూడా ఎవరూ పైకి అనకూడదని ఆంక్ష. అందుకని దాన్ని పెద్దాయన అనేవాళ్ళు. పెద్దాయనకి వ్యాసం పూర్తయిందా, పెద్దాయన ఇంకా ఏమైనా అడుగుతున్నాడా అని ఫోన్లో ఒకటే ఆరాలు. అది చెవిన పడి పై అంతస్తులో ఉండే నాగేంద్రప్రసాద్ ఒకసారి లిఫ్టులో, ఇంటి దగ్గర పెద్దాయనకి ఒంట్లో ఎలా ఉందని ఎంతో బాధగా అడిగాడు. పర్వాలేదు, కోలుకుంటున్నారన్నాడు వరప్రసాద్.

ప్రజ్ఞ ఇచ్చిన జాబితాలో మొదటి పేరు వేరే ఉంది. ఎల్మ్‌రిడ్జ్ కాలేజీ. మొత్తం కలిపి రెండు వేలమంది పిల్లలు, చుట్టూ చిత్తడి నేలలు, పక్షుల మీద పరిశోధన చేసే చిన్న కేంద్రం. తండ్రి పట్టికలో అది ఇరవైమూడో స్థానంలో తేలింది. పిల్ల ఒక్కసారి అడిగింది, తండ్రి తల అడ్డంగా ఊపాడు, పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు వరప్రసాద్. తండ్రులు ఇలాంటివి మహా తేలిగ్గా అనుకుంటారు.

జనానికి చెప్పడానికి ఒక దొంగపేరు కావలసి వచ్చినప్పుడు అతనికి ఎల్మ్‌రిడ్జే గుర్తొచ్చింది. ఎవరూ విననిది, ఎవరికీ కన్నుకుట్టనిది. అందరికీ అదే చెప్పాడు.

తీరా చెప్పాక తెలిసింది చిక్కు. పెద్దాయన పేరు చెప్పుంటే ఎందుకని ఎవడూ అడిగేవాడు కాదు. ఊరూపేరూ లేని కాలేజీ అనేసరికి ప్రతివాడికీ కారణం కావాలి. అందరికంటే నాగేంద్రప్రసాద్‌కి ఎక్కువ కావాలి. అతని కూతురు దేవిక ప్రజ్ఞ క్లాసే. నోరు విప్పితే లిఫ్టు దిగేదాకా ఆపని పిల్ల, చదువులో మాత్రం ప్రజ్ఞకి సరిజోడు. అంత మంచి మార్కులు పెట్టుకుని ఆ కాలేజీ ఏమిటని నాగేంద్రప్రసాద్ కనపడినప్పుడల్లా తగులుకునేవాడు. పార్కింగులో ఒక కారణం, జమియా సూపర్‌మార్కెట్లో కూరగాయల దగ్గర ఇంకో కారణం చెప్పాల్సి వచ్చేది. చెప్పేకొద్దీ వరప్రసాద్‌కి అబద్ధం బాగా అలవడింది.

అక్టోబరు ఆఖరి శుక్రవారం కార్తీక వనభోజనాలు పెట్టుకున్నారు. సముద్రం పక్క పార్కులో ఉసిరిచెట్టు ఎక్కడినుంచి వస్తుంది? ఎవరో బాల్కనీలో పెంచుకుంటున్న ఉసిరి మొక్కని కుండీతో సహా కారులో తెచ్చారు. దాని చుట్టూ నలభై మంది విస్తళ్ళు వేసుకు కూర్చున్నాక, నాగేంద్రప్రసాద్ అందరికీ వినపడేలా అడగనే అడిగాడు. గడువు రేపేగా, నిజంగా ఆ కాలేజీకేనా అని. అతని కళ్ళలో అనుమానం కనపడింది. వరప్రసాద్ ఇక మొహమాటం వదిలేశాడు.

"మా పిల్ల జహ్రా చెరువుల దగ్గర ఒక్క పిట్ట కోసం మూడు గంటలు కదలకుండా కూచుంటుందండి. అదే అయిదొందలమంది ఉన్న క్లాసులో పడేస్తే నోరు విప్పదు. అర్థం కాకపోయినా చెయ్యెత్తి అడగదు. ఇంటికొచ్చి తనలో తనే కుమిలిపోద్ది. అలాంటి పిల్లకి పేరు పెట్టి పిలిచే మేష్టారు కావాలండి. పెద్ద పేరు చూసుకుని నేనేం చేసుకోను?"

పంక్తి పంక్తంతా అతని వైపు తిరిగింది. ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. టెండరు కమిటీల ముందు కూడా ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదని వరప్రసాద్ తనని తానే మెచ్చుకుని గారె తుంచాడు. పులిహోర వడ్డిస్తున్న ప్రజ్ఞ, గరిటె గాలిలో ఉండగానే తండ్రి వంక చూస్తూ ఆగిపోయింది. అది అతను గమనించలేదు.

మర్నాడు శనివారం పొద్దున్నే నాగేంద్రప్రసాద్ ఫోన్ చేశాడు.

"ఖలాస్ అండీ, మాది పంపేశాం. దేవిక రెండుచోట్లకీ రాసిపెట్టుకుని తేల్చుకోలేక కొట్టుకుంటోంది. పెద్ద యూనివర్సిటీ ఒకటీ, మీ ఎల్మ్‌రిడ్జ్ ఒకటీ. నిన్న మీరన్నది విన్నాక తేలిపోయింది. ఎల్మ్‌రిడ్జ్‌కే పంపాం. మా పిల్లా అంతేనండి, బొత్తిగా నోరు విప్పదు."

ఆ పెద్ద యూనివర్సిటీ ఏదని అడిగాడు వరప్రసాద్. సాక్షాత్తూ పెద్దాయనే. ఫోన్ పెట్టేసి కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. లిఫ్టు దిగేదాకా నోరాపని దేవిక నోరు విప్పదనడమేమిటని కూడా ఆ సంబరంలో అతనికి తట్టలేదు. ఒక్క అబద్ధంతో దిష్టీ తగల్లేదు, పోటీ కూడా తప్పుకుంది. భార్యనీ కూతురినీ పిలిచి ఈ శుభవార్త చెప్పాడు.

ప్రజ్ఞ భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు ఉంది. పెద్దాయన దరఖాస్తు అంతా నింపేసింది, సంతకం కింద తండ్రి పేరు టైపు చేయడమే తరువాయి. స్కూలు కౌన్సిలరు మజీదా మేడం కూడా దానికోసమే ఎదురుచూస్తోంది. పిల్ల తండ్రి చెప్పింది విని, దేవికకి అక్కడ బాగుంటుంది అంది. లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

"నాన్నా, నిన్న చెప్పినవన్నీ దిష్టి కోసమేనా?"

"మరింకెందుకమ్మా?"

"క్లాసులో చెయ్యెత్తననీ, కుమిలిపోతాననీ కూడానా?"

వరప్రసాద్ తడుముకున్నాడు. అది నిజమేలే అన్నాడు.

"నీకెలా తెలుసు? జహ్రా తీసుకెళ్ళినప్పుడల్లా నువ్వు కారులో నిద్రపోతావుగా."

"నిద్రెక్కడిదే. నేను మెలకువగా ఉన్నానని తెలిస్తే నాకోసం తొందరగా వచ్చేస్తావని కళ్ళు మూసుకుంటా."

ప్రజ్ఞ కళ్ళు తుడుచుకుంది. తర్వాత చాలా మెల్లగా అంది. "ఆరు నెలలుగా నాతో ర్యాంకుల గురించే మాట్లాడావు నాన్నా. నా గురించి మాత్రం నాగేంద్రప్రసాద్ అంకుల్‌కి చెప్పావు."

వరప్రసాద్ పెద్దాయన తరఫున ఏదో ఒకటి అనబోయాడు. ర్యాంకు తప్ప ఇంకో మాట రాలేదు. నిన్న నలభైమంది ముందు పొంగుకొచ్చిన మాటలు, కూతురి ముందు ఒక్కటీ దొరకలేదు. అతనికి సిగ్గేసింది.

సీతాలక్ష్మి అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "నిన్న మీ మాటలకి నేనే నమ్మేశానండి. అక్కడున్న అందరూ నమ్మారు. మీరొక్కరే నమ్మలేదు," అంది.

ఎల్మ్‌రిడ్జ్‌ది కూడా చూపించమన్నాడు వరప్రసాద్. చూపించడానికి అరనిమిషం పట్టలేదు. ఆగస్టులోనే మొత్తం రాసి దాచుకుందట. వ్యాసం చదివాడు. రెక్క విరిగిన ఒక ఉల్లంకిపిట్టని మూడు శనివారాలపాటు వెతకడం గురించి ఉంది. ఆ మూడు శనివారాలూ అతను కారులోనే ఉన్నాడు. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఎల్మ్‌రిడ్జ్ సంగతి ఇప్పుడు ఊరందరికీ తెలుసు. చెప్పింది తనే. ఒక స్కూలు నుంచి ఇద్దర్ని తీసుకుంటారో లేదో తెలియదు, ఆ రెండో పిల్లని అక్కడికి తోలింది కూడా తనే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటే ఇదే కాబోలు. ఈ బాణం తప్పితే మళ్ళీ లేదు.

"రాకపోతేనో?" అన్నాడు.

"రాకపోతే ఏడుస్తాను నాన్నా. పెద్దాయన దగ్గర సీటొచ్చినా ఏడ్చేదాన్నే, నీకు కనపడకుండా."

ఆ మాట తిన్నగా వెళ్ళి గుండెలో తగిలింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల నాలుగేళ్ళ ఏడుపుని తండ్రికి కనపడకుండా ఎలా ఏడవాలో ముందే ఆలోచించి పెట్టుకుంది. వరప్రసాద్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎల్మ్‌రిడ్జ్ దరఖాస్తులో తన పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. రెండుసార్లు తప్పు పడితే తుడిచి మళ్ళీ కొట్టాడు.

"పంపెయ్యమ్మా," అన్నాడు.