అందరి పేజీలో నాలుగు వాక్యాలు

ఆ ఉదయం ఆకాశం కదలకుండా ఉంది. వాన పడదు, ఎండ రాదు. తోమని సత్తుపళ్లెం బడి మీద బోర్లించినట్టుంది.

నేను ఒక కీబోర్డుని. ఎక్కడో ఫ్యాక్టరీలో నూటనాలుగు మీటలతో పుట్టాను. ఆరేళ్లు పట్నంలో ఒక గుమాస్తా చేతికింద పనిచేశాను. ఆయన టీ తాగుతూ నాకూ కాస్త పోసేవాడు. తరవాత ఆ ఆఫీసువాళ్లు నన్ను పలాస పక్కనున్న ఈ హైస్కూలుకి దానమిచ్చి ఫోటో దిగారు. ఫోటోలో నేను లేను. తెలుగు చెప్పే పార్వతీశం మాస్టారు నా మీటల మీద తెలుగు అక్షరాల కాగితాలు అంటించారు.

తొమ్మిదో తరగతికి ఐదు కంప్యూటర్లు. ఇంటర్నెట్టులో అందరికీ కలిపి ఒకటే పేజీ. ఒకరు రాస్తుంటే మిగతా నాలుగు తెరల మీదా అవే అక్షరాలు మొలుస్తాయి. మొదటిరోజు గోలే గోల.

"ఎవుడ్రా నా వాక్కెంలోకి దూరినాడు?"

"కాళీగా ఉంటే కూకున్నాన్రా!"

పిల్లలకి సొంత ఖాతాలు లేవు. అందరూ హెడ్మాస్టరు గారి పేరుతోనే లోపలికి వెళ్లేవారు. ఎవరేం రాసినా ఆయన రాసినట్టే పడేది. 'నిన్న మా మేక ఈనింది' అన్నదీ ఆయన పేరు మీదే ఉంది.

ఆకాశం అలా ఉన్న ఉదయానికి ముందురోజు పాఠం 'మా ఇంటి పని'. దమయంతి నా ముందు కూర్చుంది. వేళ్ల కొసలు నల్లగా ఉన్నాయి. జీడిరసం మరక సబ్బుకి పోదు. నెమ్మదిగా రాసింది.

'మా అమ్మ బట్టీలో జీడిపిక్కలు కొట్టేది. పోయినేడు జ్వరంతో చనిపోయింది. బడికి ముందు ఆమె పీట మీద నేను కూర్చుంటున్నాను. పీట నాకు ఎత్తు.'

పక్కనున్న ఊర్వశి చదివింది. ఆమె తండ్రి ఆ బట్టీలో మేస్త్రి. అప్పుడే మాస్టారు సంతోషంగా చెప్పారు, రేపు ఈ పేజీ ఊళ్లో అందరి ఫోన్లకీ పంపుతామని, పై అధికారులు కూడా చూస్తారని.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"సిన్న పిల్లని పన్లో ఎట్టినారని పైవోళ్లకి తెలిస్తే మా అయ్య నిన్ను తీసేత్తాడే," అంది ఊర్వశి మెల్లగా.

"తీసేత్తే మా సిన్నాన్న రొయ్యల కంపినీకి అంపేత్తానన్నాడు. ఇశాపట్నం."

"మరి సెరిపేయ్."

దమయంతి చేతులు ఒళ్లో పెట్టుకుంది. చెరపలేదు. వాళ్లమ్మ గురించి ఎక్కడైనా రాసి ఉన్నది ఆ నాలుగు వాక్యాలే.

గంట కొట్టాక అందరూ వెళ్లారు. ఊర్వశి ఒక్కతే తిరిగొచ్చింది. అంతా ఒక్కసారి చెరపడం ఆమెకి తెలియదు. చివరినుంచి ఒక్కో అక్షరమే నొక్కుకుంటూ వచ్చింది. పీట పోయింది. జ్వరం పోయింది. అమ్మ అన్నిటికన్నా చివర పోయింది. ఆ నొక్కుడికి నా చెరిపే మీట లోపలికి దిగిపోయి మరి పైకి రాలేదు.

ఉదయం మాస్టారు ఆ నాలుగు వాక్యాల కోసం వెతికారు. ఎవరు చెరిపారో చూపించే చోటు తెరిచారు. హెడ్మాస్టరు గారి పేరుంది.

"పెద్ద మేస్టారే సెరిపేసినారండీ!" అని తరగతంతా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. "పాతది ఉందమ్మా దమయంతీ. ఒక్క నొక్కుతో తెచ్చేస్తాను. ఎవరు చేశారో తెలుసా?"

ఊర్వశి నేల చూస్తోంది. దమయంతి ఒకసారి అటు చూసింది.

"నానే సెరిపినానండి. వొద్దండి, తేవొద్దు."

యంత్రం హెడ్మాస్టరంది. పిల్ల 'నేనే' అంది. రెండూ అబద్ధమే. నన్నెవరూ అడగలేదు.

పేజీ ఊరంతటికీ వెళ్లింది. మేక వాక్యం చాలామందికి నచ్చిందట. బట్టీలో దమయంతి పీట ఆమెకే ఉంది.

మీట పాడైందని నన్ను ఊడదీసి, విరిగిన సుద్దపెట్టెల పక్కన కిటికీలో పడేశారు. అక్కణ్ణుంచి వరండా కనిపిస్తుంది. మధ్యాహ్నం పిల్లలు వరసగా భోజనాలకి కూర్చున్నారు. ఊర్వశి కంచం పట్టుకుని, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడింది. దమయంతి తల ఎత్తకుండా కాస్త పక్కకి జరిగింది.

ఊర్వశి కూర్చుంది. ఇద్దరూ అన్నం కలుపుకున్నారు.