మూరా బెత్తెడు లోతు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేసి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. పగవాడికి కూడా ఆ మాట చెప్పబుద్ధి కాక ఊరుకుని ఉంటారు. కార్వేటినగరంలో సంస్థానం వైద్యుడొకడు నూరేళ్ళ కిందట కట్టించుకున్న మిద్దెను దేవరాజులు కొన్నాక, ఒక గోడ నిలబెడితే ఇంకో గోడ పెళ్ళలు రాల్చింది. మొత్తానికి ఎనిమిది నెలలకు ఒక దారికొచ్చింది. వెనక రెండు గదులు కాపురానికి, పక్క గది కూతురు మహిత చీరలను ఫోన్లో చూపించి అమ్ముకోవడానికి, ముందు పడసాల మగ్గానికి.

ఈ ఏర్పాటంతా అతని భార్య ఆనందమ్మ ఆలోచనే. నగరిలో ఇరవై ఆరేళ్ళు అద్దె ఇళ్ళల్లోనే బతికారు. మగ్గం వాళ్ళు అద్దె ఇల్లు ఖాళీ చేయడమంటే సామాను సర్దుకుంటే సరిపోదు. నేసే మనిషి కాళ్ళు పెట్టుకునే గుంటను పూడ్చి, నేల చదును చేసి మరీ తాళం ఇవ్వాలి. అలా నాలుగిళ్ళల్లో నాలుగు గుంటలు పూడ్చారు. పూడ్చిన ప్రతిసారీ ఆనందమ్మది ఒకటే మాట: "పూడ్చే పని లేని గుంట ఒగటి తవ్వియ్యి నాకు, సాలు."

ఇల్లు కుదిరేనాటికి ఆమె లేదు. పోయి ఏడాదిన్నర.

ఇక మగ్గం మీద తానే కూర్చుంటానని దేవరాజులు పట్టుబట్టాడు. పెళ్ళికి ముందు నేసిన చెయ్యే. ఆ తర్వాత నేత ఆమెది, బజారు తిరుగుడు అతనిది.

మగ్గం బిగించిన రోజు, మేస్త్రి మురుగేష్, మహిత చూస్తుండగా గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. మోకాళ్ళు పైకి లేచి మగ్గం కొయ్యకు కొట్టుకున్నాయి.

"ఏం తవ్వినావప్పా ఇది?" అని మురుగేష్ మీద విసుక్కున్నాడు.

"నన్నంటే ఎట్లప్పా? లోతెంతని ఫోన్ చేసి అడిగితే మూరా బెత్తెడని నువ్వే సెప్పినావు గదా!"

నిజమే, చెప్పాడు. నాలుగిళ్ళల్లో నలుగురు మేస్త్రీలకు చెప్పిన కొలతే, ఆలోచించకుండా నోటికొచ్చింది. గుంట లోతు కూర్చునే మనిషి కాలిని బట్టి ఉంటుంది. అది ఆనందమ్మ కాలి కొలత. ఆమె పొట్టి మనిషి.

"ఇంకో బెత్తెడు తవ్వితే సరిపోతాది. అరపూట పని," అని మురుగేష్ గడ్డపార అందుకున్నాడు.

"ముట్టుకోవద్దు!" అని అరిచాడు దేవరాజులు.

అరిచి, గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. కొలతకు కొలత సరిగ్గా ఉంది, మనిషే లేదు. ఆమె కోసం ప్రాణం కొట్టుకుపోయింది. ఒక్క జానెడు బట్ట నేసేంతసేపు వచ్చి ఇందులో కూర్చుంటే చాలు, ఇంకేమీ అడగననుకున్నాడు.

"నువ్వన్నా కూర్సోమ్మా," అన్నాడు కూతురితో.

"నేనూ నీ మాదిరే పొడుగు నాయనా. ఇట్లే పెట్టుకుంటే ఈడ నేసేదెవురు? నేయకుంటే ఈ ఇల్లెందుకు మనకు?"

దేవరాజులు మురుగేష్ చేతిలోంచి గడ్డపార తీసుకుని తానే దిగాడు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తట్టలు తట్టలుగా మన్ను తోడి, అడుగు చదును చేసి, మళ్ళీ అంచున కూర్చున్నాడు. మోకాళ్ళు దిగాయి. పాదాలు నేలకు ఆనాయి.

"ఇప్పుడు సరిగ్గా ఉండాదప్పా," అన్నాడు మురుగేష్.

దేవరాజులు తలూపాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. ఇప్పుడు ఆనందమ్మే వచ్చి కూర్చున్నా ఆమె పాదాలు అందవు.