ఎక్కడికీ పోని దారి

నేను ఒక దారిని. కానీ నా మీద నడిచి ఎవరూ ఏ ఊరికీ చేరరు. రాజమండ్రి శివార్లలో, నయం కాని జబ్బులున్న మనుషులను చూసుకునే ఒక ఆశ్రమం వెనక, కూల్చేసిన వంటగది ఇటుకలతో నన్ను పరిచారు. కొన్నింటికి పొయ్యి మసి ఇంకా వదల్లేదు. వలయం లోపల వలయంగా తిరిగి తిరిగి నడుమనున్న చప్టా దగ్గరికి చేరతాను. చీలికలు లేవు, తప్పిపోయే భయం లేదు. వెళ్ళిన దారినే బయటికి రావాలి.

"ఇన్ని ఇటుకలు పోసి, ఎక్కడికీ పోని రోడ్డేంటమ్మా?" అని నవ్వాడు మేస్త్రీ.

"నెమ్మదిగా నడిస్తే మనసు కుదుటపడుద్దయ్యా" అంది ఆశ్రమం నడిపే సిస్టర్ ఫిలోమినా. ఆవిడ మాత్రం నా మీద ఏనాడూ నెమ్మదిగా నడవలేదు.

ఆశ్రమంలో ఉండే సువార్తమ్మ రోజూ సాయంత్రం వచ్చేది. భర్త దేవసహాయం వెనకే నడిచేవాడు. చప్టా వరకు ఒక్కసారైనా తన కాళ్ళతో వెళ్ళాలని ఆమె పట్టుదల. దగ్గరికి వచ్చినట్టే వచ్చి మళ్ళీ దూరం జరగడం నా గుణం. ఒకరోజు అలాంటి మలుపులోనే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

"అడ్డంగా రెండడుగులేస్తే చేరిపోతాం. ఎత్తుకోనా?"

"పెళ్ళైన కొత్తలో ఎత్తుకోమంటే నడుం నొప్పన్నారు. ఇప్పుడు దొంగదారెందుకండీ, కూర్చుందాం."

ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. పగలంతా కాగిన ఇటుకల మీద అరికాళ్ళు ఆనించి ఆమె కళ్ళు మూసుకుంది. ఆ కాస్త వెచ్చదనమే నేను ఇవ్వగలిగింది.

మర్నాడు ఆమె మంచం దిగలేదు. ఆ వారంలోనే పోయింది.

దేవసహాయం రావడం మానలేదు. ఆ మలుపు దాకా వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగిపోయేవాడు. ఆ చోటు దాటితే ఆమెను వదిలేసి పోయినట్టవుతుందని కాబోలు. వానలు వెళ్ళిపోయాయి. మలుపుకు అవతల, అంతదూరం నడిచేవాళ్ళు లేక, నా సందుల్లో గడ్డి మొలిచింది. నడవవయ్యా అందామంటే దారికి నోరు లేదు.

ఒక సాయంత్రం ఆయన వెనక వెంకాయమ్మ వచ్చింది. ఆశ్రమంలో కొత్తగా చేరిన మనిషి. ముక్కుకు గొట్టం, చేతిలో కర్ర.

"బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారేంటండీ బాబూ? కదలండి."

"మీరు దాటి వెళ్ళండమ్మా."

"ఒక్క మనిషి పట్టే దారిలో ఎలా దాటేది? పక్కకి అడుగేస్తే పడిపోతాను."

"మా ఆవిడ ఇక్కడివరకే వచ్చిందండి" అన్నాడాయన.

వెంకాయమ్మ కర్ర మీద వాలి ఊపిరి కూడదీసుకుంది. "నాకింకెన్నాళ్ళు నడకుందో నాకే తెలీదు. ఇయ్యాల ఆ చప్టాదాకా పోనివ్వండి."

దేవసహాయం కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ముందుకు అడుగు వేశాడు. మనుషుల బరువు నాకు కొత్త కాదు. కానీ ఆ అడుగు మోయడం నాకూ కష్టమైంది.

కొంచెం దూరం పోయాక, ఆగి, చెయ్యి వెనక్కి చాపాడు. "ఇక్కడ గడ్డి జారుతోందండి. పట్టుకోండి."

ఆమె పట్టుకుంది. ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. కానీ ఆమె అందుకోగలిగినంత నెమ్మదిగానే నడిచాడు.