గడ్డినేల మీద అచ్యుత్ గొంతు

శనివారాలు కాఫీ షాపులో పని ఉండదు కాబట్టి, వాసవి పొద్దున్నే బస్సెక్కి కెనడాలోని సస్కటూన్ ఊరి చివరి గడ్డినేల రిజర్వుకు కలుపు తీయడానికి వెళ్లేది. నాగలి ఎరగని నేల అది. అక్కడి గడ్డినీ పిట్టల్నీ కాపాడాలంటే పరాయి గడ్డిని వేళ్లతో సహా పీకెయ్యాలి. పోయిన వేసవిలో ఆ పని ఆమె తమ్ముడు అచ్యుత్ చేశాడు. ఇద్దరూ ఒకేసారి ఇక్కడికి చదువుకు వచ్చారు. ఫిబ్రవరిలో, మంచు పేరుకున్న హైవే మీద వాడి కారు జారి బోల్తాపడింది.

వాడి అస్థికలు ఆమె గదిలోనే ఉన్నాయి. వాటిని కృష్ణలో కలిపి, ఇక తిరిగి రాకూడదనుకుంది.

"పిట్టలు వచ్చేదాకా ఆగమ్మా," అన్నారు రిజర్వు చూసుకునే యజ్ఞనారాయణ గారు.

"మేలో విజయవాడకి టికెట్ బుక్ చేశా అంకుల్."

"ఏప్రిల్లోనే వచ్చేస్తాయిలే."

ఆ నేల మీద వేసవిలో ఎవరేం మాట్లాడినా మెడోలార్క్ పిట్టలు నేర్చుకుంటాయి. చలికాలం దక్షిణానికి పోయి, తిరిగొచ్చి అవే పాడతాయి. ఎప్పుడో చనిపోయిన ఓ ముసలావిడ గొంతుతో పిట్టలు ఆమె కుక్కను పిలుస్తుంటే, నడకకు వచ్చినవాళ్లు ఇప్పటికీ "గుడ్ మార్నింగ్" చెప్పి సాగిపోతారు.

ఏప్రిల్లో, మంచు కరిగి క్రోకస్ పూలు విచ్చిన వారం, కంచె గుంజ మీద పసుపు రొమ్ము పిట్ట ఒకటి వాలింది. ముందుగా గొంతు సవరించుకుంది, అచ్చం అచ్యుత్ లాగే.

"అక్కా, కోప్పడకు. ఈ కోర్సు నా వల్ల... ఛ, ఇలా కాదు. అక్కా, నాకిక్కడ బాగుంది. ఈ గడ్డి గురించే చదువుకుంటా. ఇక్కడే ఉండిపోతా. నాన్నకి నువ్వే చెప్పాలి."

వాసవి చేతిలోని కలుపు కింద పడేసింది. ఎదురుగా చెప్పలేక, వేసవంతా వాడు ఇక్కడ ఒంటరిగా ఈ మాటలే చెప్పి చూసుకున్నాడు. చాలాసేపటికి ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, తమ్ముణ్ణి తీసుకురావట్లేదు. వాడు ఇక్కడే ఉంటాడట."

"ఎవరు చెప్పారమ్మా?"

"పిట్ట."

"వాడి గొంతేనా?"

"వాడి గొంతే నాన్నా."

"ఫోన్ దాని దగ్గర పెట్టు."

చెయ్యి చాచి, మెల్లగా గుంజ దాకా నడిచింది. పిట్ట బెదరలేదు. మొదట్నుంచీ మళ్లీ చెప్పింది, తడబాటుతో సహా.

"సరేరా," అన్నాడు తండ్రి. "బాగా చదువుకో."

తర్వాత కూతురితో అన్నాడు.

"నీ టికెట్ కూడా కాన్సిల్ చేసుకోమ్మా. వాడొక్కడూ అక్కడెలా ఉంటాడు?"